పదిహేడో రోలరు

"సంతకం ఎక్కడ పెట్టాలమ్మా?"

ఇన్‌స్పెక్టర్ రూజిత్సా ఇంకా కుర్చీ లాక్కోనే లేదు. చేతిలో కాఫీ కప్పు, చంకలో ఫైలు, భుజం మీంచి జారిపోతున్న సంచీ. బల్లకి అవతల కూర్చున్న, రెండు రోజులుగా లాకప్పులో ఉన్న తిహోమిర్ మేస్త్రి మాత్రం పెన్ను పట్టుకుని తయారుగా ఉన్నాడు.

"దేనికి సంతకం?"

"తప్పు నాదేనని. నిన్న సాయంత్రం ఆ ఇన్సూరెన్సు బాబు కాగితం రాసి తెచ్చాడు. చదివి వినిపించాడు కూడా. బాగానే రాశాడు."

"పెన్ను కింద పెట్టండి."

ఆయన పెట్టాడు. ఎవరేం చెబితే అది చేసేలా ఉన్నాడు.

శనివారం, ఉదయం ఎనిమిదీ యాభై. పన్నెండింటికి ఆ కాగితం ప్రాసిక్యూటరు బల్ల మీదికి వెళ్తుంది. వెళ్లిందంటే అరవై ఒక్కేళ్ల తిహోమిర్ జైలుకి పోతాడు. పోవడానికి ఆయనకి అభ్యంతరం ఉన్నట్టు లేదు. రూజిత్సాకి ఒళ్లు మండుతున్నది అందుకే. నిష్ నగరంలో కార్ వాష్ యంత్రాలు ముప్పై నాలుగేళ్లుగా ఈయన చేతిమీదే నడుస్తున్నాయి. అలాంటి మనిషి ఇప్పుడు ఆ చేతుల్ని ఒళ్లో పెట్టుకుని, అవి ఎవరివో అన్నట్టు చూస్తున్నాడు.

జరిగింది ఇదీ. గురువారం పదీ ఇరవైకి ల్యూబిషా కార్ వాష్‌లో ఒక డెలివరీ వ్యాను టన్నెల్లో పోతోంది. అక్కడ బండి తనంతట తాను నడవదు. గేరు తీసి వదిలేస్తే, నేలలో తిరిగే చైనుకున్న రోలరు ఒకటి పైకి లేచి, ఎడమ చక్రాన్ని వెనకనుంచి నెట్టుకుంటూ తీసుకుపోతుంది. ఆ వ్యాను చక్రం రోలరుని తొక్కి దాటేసింది. ఆపేది లేక వ్యాను వాలులో వెనక్కి దొర్లింది. వెనక, టన్నెల్ మొదట్లో నిలబడి తరవాతి కారు మూతి బ్రష్షుతో తోముతున్న జివ్కో రెండు బళ్ల మధ్యా నలిగిపోయాడు. ఆసుపత్రిలో ఇప్పటికీ కళ్లు తెరవలేదు.

జివ్కో, తిహోమిర్‌కి కూమ్. పెళ్లిలో పక్కన నిలబడ్డవాడు, పుట్టిన బిడ్డకి పేరు పెట్టినవాడు. సొంత తమ్ముడితో పదేళ్లు మాటలు మానేసినవాళ్లు ఈ ఊళ్లో వీధికొకరున్నారు గానీ, కూమ్‌తో ఒక్క పూట మానేసినవాణ్ణి చూపించమనండి. అలాంటి మనిషికి నీ బద్ధకమే ఈ గతి పట్టించిందని తిహోమిర్‌కి రెండు రోజులుగా చెబుతున్నారు. ఆయన నమ్మేశాడు.

"మంగళవారం చైను కింది గుంటలోకి ఎన్నింటికి దిగారు?" రూజిత్సా అడిగింది.

"ఐదూ నలభైకి. వాష్ తెరిచేది ఎనిమిదికి."

"ఎన్ని రోలర్లు మార్చారు?"

"ఎనిమిది. పది నుంచి పదిహేడు దాకా."

"పదిహేడోది మార్చారా?"

తిహోమిర్ తన చేతుల వంక చూసుకుంటూ, "మార్చాననే అనుకున్నా. ఆ బాబు ఫొటో చూపించాడు. పసుపు రంగుతో పదిహేడని అంకె ఉంది, రోలరేమో అరిగి సగమైపోయింది. అంకె వేసి, రోలరు మార్చకుండా ఎక్కేశావు అన్నాడు. ఒకసారి చూపిస్తే తిట్టేవాణ్ణి. ఇరవైసార్లు చూపించాడమ్మా. ఇరవైసార్లు చూశాక నా చేతులమీద నాకే నమ్మకం పోయింది," అన్నాడు.

రూజిత్సా కుర్చీ లాక్కుని కూర్చుంది. కాఫీ ఒక గుక్క తాగింది.

"సరే. నాకు రోలరు మార్చడం నేర్పండి."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. నాకు స్క్రూ డ్రైవరు ఏ వైపు పట్టుకోవాలో కూడా తెలీదు. అలా అనుకుని చెప్పండి."

ఆయన మొహమాటంగా మొదలుపెట్టాడు. మెయిన్ స్విచ్చికి తన సొంత తాళం వేసుకోవాలి, తాళంచెవి జేబులో ఉండాలి. ఇనపమూత ఎత్తాలి. చైను బిగువు తగ్గించాలి. వంచిన తీగముక్కతో తను చేసుకున్న గేజి పెట్టి, అరుగుడు చూడాలి. చెబుతూ చెబుతూ ఉండగా ఒళ్లో ఉన్న చేతులు పైకి లేచాయి. ఒకటి లేని రోలరుని పట్టుకుంది, రెండోది లేని పిన్నుని లాగింది. పాతది కిందికి, కొత్తది పైకి. గ్రీజు ఎంత పట్టించాలో అంతే వేలిమీదికి వచ్చింది. పిన్ను దూరింది. ఆ పిన్ను జారకుండా చివర స్ప్లిట్ పిన్ను పడింది, దాని రెండు కాళ్లూ వెనక్కి వంగాయి. ఒక్క కదలిక వృథా పోలేదు. రూజిత్సా కాఫీ తాగడం మానేసి చూసింది. ఇంత చక్కగా ఏ పనైనా చేయగలిగితే చాలు బతుక్కి, అనిపించింది.

చివరగా ఆయన బొటనవేలు గాలిలో ఒకసారి అడ్డంగా రాసింది.

"అదేంటి చివర్న?"

"ఏది?"

"బొటనవేలితో ఏదో రాశారు."

తిహోమిర్ తన వేలుని తనే కొత్తగా చూసుకున్నాడు. "అదా... పిన్ను కొన ఎక్కడైనా పొడుస్తోందేమో చూస్తా. పొడిస్తే మళ్లీ వంచుతా. జివ్కో అప్పుడప్పుడూ చెయ్యి కిందికి పెట్టి చెత్త తీస్తాడు. వాడికి గుచ్చుకోకూడదు కదా."

రూజిత్సా లేచి నిలబడింది. "పదండి, వెళ్దాం."

* * *

తొమ్మిదీ ముప్పై ఐదుకి జీపు వాష్ గేటు ముందు ఆగింది. తిహోమిర్ దిగలేదు. "నేనా చోటు చూడలేనమ్మా," అని తల వంచుకుని కూర్చున్నాడు. రూజిత్సా బలవంతపెట్టలేదు.

గేటు దగ్గర వుకాషిన్ తన కారు బానెట్‌కి ఆనుకుని, కాగితంలో చుట్టిన, జున్ను పెట్టి కాల్చిన బురెక్ రొట్టె తింటున్నాడు. ఇన్సూరెన్సు కంపెనీ తరఫున ఆరా తీసే మనిషి. ఒకప్పుడు పోలీసు అకాడమీలో రూజిత్సా పక్క బెంచీ. తప్పు మేస్త్రిదని తేలితే వాళ్ల కంపెనీ చేతులు దులుపుకుని ఇంటికి పోవచ్చు.

"రూజా! నిందితుణ్ణి షికారుకి తీసుకొచ్చావా? ఐస్‌క్రీము కూడా కొనిపెట్టు."

"నీ మూతికి జున్ను అంటుకుంది, తుడుచుకో."

వుకాషిన్ తుడుచుకున్నాడు. అక్కడేమీ లేదు.

"మనిషి ఒప్పేసుకున్నాడు. ఇంకేం వెతుకుతావు?" అన్నాడు చిరాగ్గా. "అకాడమీలోనూ ఇంతే. అందరం జవాబులు రాసి బయటికి పోతే, నువ్వు లోపలే కూర్చుని ప్రశ్నే తప్పని వాదించేదానివి."

"ఆ ప్రశ్న తప్పే. నాకు మార్కులు కలిపారు."

"నాకు కలపలేదు," అన్నాడు వుకాషిన్. పద్దెనిమిదేళ్లైనా ఆ మంట ఆరలేదు.

ఆఫీసు గదిలోంచి యజమాని ల్యూబిషా గబగబా వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి, ఇస్త్రీ చొక్కా, ఎర్రబడ్డ కళ్లు. నిద్ర లేనట్టుంది. "ఏం తీసుకుంటారు మేడమ్? కాఫీ? చిన్న గ్లాసు రకియా సారా? జివ్కో మా ఇంట్లో మనిషి లాంటివాడు. నాకు అన్నం సయించడం లేదు."

"కాఫీ తాగాను. గురువారం సంగతి నిమిషాలతో సహా చెప్పండి."

"పదీ ఇరవైకి అరుపు విన్నా. ఎర్ర బటను నొక్కి చైను ఆపా. పదీ ఇరవై ఆరుకి, జివ్కోని తియ్యడం కోసం చైను కొంచెం ముందుకి నడిపాం. పదీ ముప్పై నాలుగుకి అంబులెన్సు వచ్చింది. పదీ యాభైకి అందర్నీ ఇళ్లకి పంపించి గేటు వేసేశా."

"మీరు?"

"నేనెక్కడికి పోతాను? ఇక్కడే కూర్చుని ఏడ్చాను."

"మా వాళ్లు వచ్చి సీలు వేసింది పదకొండున్నరకి."

"నేను వాళ్లతోనే వచ్చాను," వుకాషిన్ కలగజేసుకున్నాడు. "మూత ఎత్తి చూస్తే పదిహేడో రోలరు సరిగ్గా కళ్లముందే ఉంది. ఫొటో తీశా. అదృష్టం."

"అదృష్టమే," అంది రూజిత్సా. "నలభై రోలర్లలో నీకు కావలసినదే మూత కింద ఆగి నీకోసం కాచుక్కూచుంది."

వుకాషిన్ గుంట మూత వైపు తిరిగి చూశాడు. ఈ మాట అతనికి తట్టలేదని మొహమే చెప్పింది.

సీలు విప్పించి, ఇనపమూత ఎత్తించింది. నేలమీద బోర్లా పడుకుని, టార్చి పళ్లమధ్య పెట్టుకుని, చేతిని గుంటలోకి చాచింది. ముందు పద్నాలుగో రోలరు. కొత్తది, నున్నగా ఉంది. పిన్ను కొన మీద బొటనవేలు రాసింది. అక్కడ పిన్ను ఉందనే తెలియనంత నునుపు. పదిహేను, అంతే. పదహారు, అంతే. కొన్ని అడుగుల లోతులో, ఎవ్వరూ చూడని చీకట్లో, ఎవరో అడిగారని కాక, ఒక మనిషి ప్రతి పిన్ను కొననీ తన వేలితో తడిమి సరిచేసి వెళ్లాడు. ఆమెకి ఆ క్షణంలో తిహోమిర్‌కి లేచి నమస్కారం పెట్టాలనిపించింది. బోర్లా పడుకుని ఉంది కాబట్టి వీలు కాలేదు.

పదిహేడు.

"అబ్బా!"

బొటనవేలు తీసి చూసుకుంది. రక్తం బొట్టు.

"ఏమైంది?" వుకాషిన్ వంగి అడిగాడు.

"నీ అదృష్టం నన్ను పొడిచింది," అంటూ ఆమె లేచి, వేలు నోట్లో పెట్టుకుని, టన్నెల్లోకి నడిచింది.

బ్రష్షులు తడారి వేలాడుతున్నాయి. గోడలమీద, పైపులమీద, అన్నిటిమీదా సబ్బు ఎండి తెల్లగా పేరుకుంది. వేలితో గీస్తే పొరలా లేస్తోంది. అవతలి చివర, మోకాలెత్తున, గోడలో చిన్న గాజుకన్ను ఉంది. బయటికి పోయే దారిలో బండి ఏదైనా ఆగిపోతే, ఆ కన్ను చూసి చైనుని ఆపేస్తుంది. రూజిత్సా దాని ముందు గొంతుక్కూర్చుంది. గాజు తళతళలాడుతోంది. దానిచుట్టూ రెండంగుళాల మేర సబ్బు మరక లేదు. ఆ శుభ్రమైన చదరం అంచుల వెంట మాత్రం జిగురు, ఆ జిగురుకి అంటుకుని బ్రష్షు పీచులు.

"ల్యూబిషాగారూ, ఈ కన్ను ఎప్పుడు తుడిచారు?"

"అది తుడవం మేడమ్. దానంతటదే నీళ్లకి కడుక్కుంటుంది."

"పక్కనున్న పైపు కడుక్కోలేదే?"

ల్యూబిషా పైపు వంక చూశాడు. "కడుక్కోలేదు," అన్నాడు, అదేదో పైపు చేసిన తప్పైనట్టు.

రూజిత్సా ఫైలు తెరిచింది. "వ్యాను ముందున్న కారులో ఒక పళ్ల డాక్టరు ఉన్నాడు. ఆయన మాటలు చదువుతా వినండి. 'బయటికి రాగానే ఆగి, మడిచిన అద్దాలు విప్పుకుంటున్నాను. వెనకనుంచి వ్యాను వచ్చి ఢీకొట్టింది. ఆ తరవాత అరుపు వినబడింది.' వుకాషిన్, ఈయనతో మాట్లాడావా?"

"బంపరు గీసుకుపోయిందంతే. ఆయనతో పనేముంది?"

"ముందు గుద్దింది. తరవాత వెనక్కి దొర్లింది. నీ రిపోర్టులో గుద్దడమే లేదు."

"గుద్దితే ఏంటి? రోలరు అరిగిపోయి ఉంది. కళ్లతో చూశాను!"

"చూశావు. ఏం చూశావో తెలిసిన మనిషిని పిలుస్తానుండు."

* * *

జీపు తలుపు తెరిచి రూజిత్సా తన బొటనవేలు చూపించింది.

"మీ పదిహేడో పిన్ను నన్ను పొడిచింది మేస్త్రీ."

తిహోమిర్ ఆ రక్తపు చుక్క వంక చూశాడు. చూస్తూనే ఉన్నాడు. మెల్లగా ఆయన కనుబొమ్మలు ముడిపడ్డాయి. రెండు రోజుల తరవాత ఆ మొహంలో మొదటిసారి కోపం కనబడింది. రూజిత్సాకి ప్రాణం లేచొచ్చింది.

"నా పిన్ను పొడవదు," అన్నాడు. "పక్కకి జరుగమ్మా."

గుంట దగ్గర మోకాళ్లమీద కూర్చుని, లోపలికి చూడకుండానే చెయ్యి పెట్టాడు. రోలరుని ఒక చుట్టు తడిమాడు. చెయ్యి ఆగింది. మళ్లీ తడిమాడు. పిన్ను లాగి, రోలరుని పైకి తీసి వెలుతుర్లో పెట్టాడు. అంతా కలిపి రెండు నిమిషాలు పట్టలేదు.

"ఇది ఈ యంత్రంది కాదు."

"మళ్లీ మొదలు," అన్నాడు వుకాషిన్. "దానిమీద పదిహేడని మీ అంకె..."

"అంకె ఎవడైనా వేస్తాడు బాబూ. రంగు డబ్బా అటకమీదే ఉంటుంది. అరుగుడు చూడు. ఇక్కడ చైను ఎడమవైపు. చక్రం ఎప్పుడూ బయటి పట్టాకి ఒరుసుకుంటూ నడుస్తుంది. అందుకని రోలరుకి ముందు ఎడమ అంచు అరుగుతుంది. ఇదిగో, దీనికి అరిగింది కుడి అంచు."

"తిరగేసి బిగించి ఉంటారు. అరిగినవాటిని తిరగేసి వాడరా ఏంటి?"

తిహోమిర్ రోలరుని వుకాషిన్ చేతుల్లో పెట్టాడు. "బిగించు."

"ఏంటి?"

"తిరగేసి బిగించు, చూద్దాం."

వుకాషిన్ తెల్ల చొక్కా చేతులు మడిచి, మోకాళ్లమీద కూర్చున్నాడు. ఆ పక్క పెట్టాడు, ఈ పక్క పెట్టాడు, అరచేత్తో కొట్టాడు. రోలరు లోపలి ఇనప కాలరు ఒకవైపే ఉంది. తిరగేస్తే సందులో దూరదు. గ్రీజు చొక్కా ఎక్కింది. నుదుటికీ ఎక్కింది. మూడు నిమిషాల తరవాత అతను రోలరుని నేలమీద పెట్టి, దాన్నే చూస్తూ ఉండిపోయాడు. అతనిలో ఇంకా పోలీసు బుర్ర చావలేదని రూజిత్సాకి అప్పుడు తెలిసింది. చేతిలో ఉన్న రుజువుని కాదనడం అతనికి రాదు.

"కుడి అంచు అరగాలంటే చైను కుడివైపు ఉండాలి," అన్నాడు మెల్లగా. "అలాంటిది ఎక్కడుంది?"

"ఈ ఊళ్లో ఒక్కటే," అన్నాడు తిహోమిర్. "నది అవతల, ఈయనదే రెండో వాష్. ఆ యంత్రం సైప్రస్‌నుంచి పాతది కొనుక్కొచ్చారు. అక్కడ స్టీరింగు కుడివైపు, అందుకని చైనూ కుడివైపే. నెలకిందట దాని రోలర్లు చూసి, ఒకటి పీకి తెచ్చి ఈయన బల్లమీద పెట్టా. 'యజమానీ, నలభైకి నలభై ఇలాగే ఉన్నాయి, అన్నీ మార్చేదాకా నేనా గుంటలోకి దిగను, ఆ యంత్రం నడపొద్దు' అన్నా. పీకినదాని చోట పాతవాటిలోనే కాస్త మెరుగైనది పెట్టి వచ్చేశా. బల్లమీద పెట్టింది ఇదే. అంచున ఈ కొరుకుడు నాకు గుర్తుంది."

అందరూ ల్యూబిషా వైపు తిరిగారు.

ఈ మనిషి పదిహేనేళ్లుగా రెండు యంత్రాలకి యజమాని. గుంటలోకి ఒక్కసారైనా దిగి ఉంటే, ఎడమ రోలరు వేరు, కుడి రోలరు వేరని తెలిసి ఉండేది. ఎప్పుడూ పైనుంచే చూశాడు. పైనుంచి చూస్తే అన్ని రోలర్లూ ఒకటే.

"పదీ యాభై నుంచి పదకొండున్నర దాకా నలభై నిమిషాలు," అంది రూజిత్సా. "మేస్త్రీ, కొత్తవాడికి ఒక రోలరు మార్చడానికి ఎంతసేపు పడుతుంది?"

"నాకు పన్నెండు నిమిషాలు. నేను చేస్తుంటే పైన నిలబడి చూసినవాడికి అరగంట."

"మీ ఏడుపుకి పది నిమిషాలే మిగిలినట్టున్నాయి, ల్యూబిషాగారూ."

ల్యూబిషా గోడకి ఆనుకున్నాడు.

"ఈ నెలంతా పెళ్లిళ్లు మేడమ్," అన్నాడు చివరికి. "ప్రతివాడూ బయటికి రాగానే అద్దాలు విప్పుకుంటూ, బండికి పెళ్లి తువ్వాళ్లు కట్టుకుంటూ నిలబడతాడు. కన్ను చూస్తుంది, చైను ఆగుతుంది. లైను రోడ్డెక్కుతుంది, పోలీసులు తిడతారు. నల్ల టేపు ముక్క ఒకటి అంటించా. అంతే. ఒక టేపు ముక్క!"

"ముందు దారి మూసుకుపోయినా చైను నెడుతూనే ఉంటే, కొత్త రోలరుని కూడా చక్రం తొక్కుతుంది," అన్నాడు తిహోమిర్. ఎవరికో కాదు, తనకే చెప్పుకుంటున్నాడు. "కొత్తదైనా తొక్కుతుంది. నేను మార్చిందైనా తొక్కుతుంది."

"నా పదిహేడో రోలరు ఎక్కడ?" అని అడిగాడు ఉన్నట్టుండి.

"నా కారు డిక్కీలో," అన్నాడు ల్యూబిషా తల వంచుకుని.

వుకాషిన్ వెళ్లి తెచ్చాడు. కొత్త రోలరు. మీద పసుపు రంగు అంకె. నడిమధ్య చక్రం కోసుకుపోయిన నల్లటి గాటు తప్ప ఎక్కడా అరుగుడు లేదు. తిహోమిర్ దాన్ని రెండు చేతులతో అందుకుని, ఎడమ అంచు తడిమాడు, కుడి అంచు తడిమాడు. పిన్ను రంధ్రంలో వేలు పెట్టి చూశాడు. ఒక్కసారిగా ఆయన భుజాలు కదిలిపోయాయి. రోలరుని పొట్టకి అదుముకుని, చిన్నపిల్లాడిలా బావురుమన్నాడు. "మార్చాను రా జివ్కో, మార్చాను," అంటున్నాడు.

రూజిత్సా అటు తిరిగి నిలబడింది. వుకాషిన్ కూడా తిరిగాడు. జేబులోంచి మడిచిన రిపోర్టు తీసి, నాలుగు ముక్కలు చేసి, ముక్కలు ఎక్కడ పారెయ్యాలో తెలియక మళ్లీ జేబులోనే పెట్టుకున్నాడు.

"అకాడమీ ప్రశ్నకి నాక్కూడా మార్కులు కలపాల్సింది," అన్నాడు గొణుగుతూ.

"రాసివ్వు. పద్దెనిమిదేళ్ల తరవాతైనా అడుగుతా."

ఇద్దరూ నవ్వబోయారు. వెనకనుంచి తిహోమిర్ గొంతు వినబడింది. ఏడుపు ఆగిపోయింది. ఆ గొంతులో ఇప్పుడు వేరే ఏదో ఉంది.

"యజమానీ, నది అవతలి వాష్ ఇవాళ మూసే ఉందా?"

ల్యూబిషా గేటు వైపు చూశాడు.

"నిన్నే అడుగుతున్నా. నడపొద్దన్నాను. మూసే ఉందా?"

"ఇది సీలు వేశారు కదా," ల్యూబిషా గొంతు పీలగా వచ్చింది. "శనివారం. పెళ్లిళ్లు. అందరూ అటు పోతున్నారు. నిన్నటినుంచి నడుపుతున్నాం."

"ఆ రోలర్లతోనా?"

"రెండు రోజులే అనుకున్నా..."

"అక్కడ కన్ను?"

ల్యూబిషా కళ్లు మూసుకున్నాడు. అక్కడా నల్ల టేపే.

రూజిత్సా చేతిలోకి ఫోను అప్పటికే వచ్చింది. "అక్కడి నంబరు చెప్పండి. వెంటనే!"

ఫోను మోగుతోంది. ఎవరూ ఎత్తడం లేదు. తిహోమిర్ గోడకి వేలాడుతున్న తన పనిముట్ల సంచీ భుజానికి తగిలించుకుని, ల్యూబిషా ఎదుట నిలబడ్డాడు.

"జివ్కో ఆసుపత్రి మంచంలో ఉన్నాడు. అక్కడ బళ్ల మధ్య నిలబడి బ్రష్షు పట్టేది ఎవరు?"

"నేను వద్దన్నాను మేస్త్రీ. దేవుడి మీద ఒట్టు, వద్దనే అన్నాను. 'మా కూమ్ లేచేదాకా ఆయన చోటు ఇంకెవరికీ ఇవ్వొద్దు, నేను నిలబడతా' అని నిన్న పొద్దున తనే వచ్చింది."

"ఎవరు?"

"దున్యా."

తిహోమిర్ కూతురు. ఇరవై ఆరేళ్లకిందట జివ్కో చేతులమీద పేరు పెట్టించుకున్న పిల్ల. లాకప్పులో ఉన్న తండ్రికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. తిహోమిర్ గేటు వైపు పరుగెత్తాడు. అరవై ఒక్కేళ్ల మనిషి, భుజాన సంచీ గల్లుమంటుంటే, అలా పరుగెత్తగలడని రూజిత్సా అనుకోలేదు.

"జీపు వద్దు, నా కారు ఎక్కండి! అది త్వరగా పోతుంది!" వుకాషిన్ అప్పుడే స్టీరింగు దగ్గర ఉన్నాడు.

రూజిత్సా ఎక్కుతుండగా అవతల ఎవరో ఫోను ఎత్తారు. బాకాలు. డోళ్లు. జనం కేకలు. వాటి మధ్యలోంచి ఒక ఆడమనిషి గొంతు చించుకుని అరిచింది.

"ఎవరండీ? ఏం వినబడట్లేదు!"

"పోలీసు! ఎర్ర బటను నొక్కండి! చైను ఆపండి!"

"బుకింగా? ఇవాళ ఖాళీ లేదండీ! బాకాలవాళ్ల బస్సు ఇప్పుడే చైనెక్కింది, తరవాత చెయ్యండి!"

ఫోను పెట్టేసింది.

"బస్సు," అంది రూజిత్సా. "ఇప్పుడే ఎక్కిందట."

కారు గేటు దాటింది. తిహోమిర్ ముందు సీట్లో సంచీని రెండు చేతులతో పట్టుకుని, రోడ్డు వంకే చూస్తున్నాడు.

"ఆ బస్సు వాలెక్కి అవతలి చివరికి చేరడానికి నాలుగు నిమిషాలు పడుతుంది," అన్నాడు. "మనకెంతసేపు పడుతుంది బాబూ?"

వుకాషిన్ హారన్ మీంచి చెయ్యి తియ్యకుండా, "తొమ్మిది," అన్నాడు.

రూజిత్సా మళ్లీ ఆ నంబరే నొక్కింది.